దూరాన్ని తగ్గించిన చౌక కారు

కూచిపూడి నుంచి మచిలీపట్నం సుమారు 25 కిలోమీటర్లు. ఎడ్లబండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి నడవదు. మోటారు వాహనాలు లేని రోజులలో కాన్పు కష్టమైన తల్లిని పట్నానికి చేర్చాలంటే ఏడెనిమిది గంటల ప్రయాణం. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలలో పడవలు తిరిగాయి గాని, వాటి నడకా నిదానమే. వానకాలంలో నల్లరేగడి బురదలో చక్రం దిగబడితే ఇక చెప్పనక్కరలేదు. పట్నంలో వైద్యం ఉన్నా, అది అందేలోపే కాలం మించిపోయేది.

ఈ అవస్థ మన డెల్టాకే పరిమితం కాదు. అమెరికా పల్లెలలోనూ మట్టిదారులే దిక్కు. 1908లో హెన్రీ ఫోర్డ్ తెచ్చిన ‘మోడల్ టి’ కారును అక్కడి రైతులతో పాటు పల్లె వైద్యులు ఆదరించడానికి కారణం అదే. దాని ఆకర్షణ వేగంలోనో, సొగసులోనో లేదు. 20 అశ్వశక్తి గల సాదా ఇంజను, వనేడియం కలిపిన దృఢమైన ఉక్కు, గతుకులకు తగలనంత ఎత్తు. చిన్న మరమ్మతులు యజమానే చేసుకోగల నిర్మాణం. అర్ధరాత్రి కబురు వస్తే బయలుదేరగలమన్న భరోసాయే వైద్యునికి ముఖ్యం.

1913లో కదిలే అసెంబ్లీ లైను వచ్చాక ఛాసిస్ కూర్పుకు పట్టే సమయం పన్నెండున్నర గంటల నుంచి 93 నిమిషాలకు తగ్గింది. తొలుత 825 డాలర్లున్న రెండు సీట్ల కారు 1925 నాటికి 260 డాలర్లకే లభించింది. 1927లో తయారీ ఆగేనాటికి కోటీ యాభై లక్షలకు పైగా కార్లు వెలువడ్డాయి.

ఈ కారు చరిత్రలో ఒక గాయం కథ కూడా ఉంది. ఇంజను కదలాలంటే ముందువైపు ఇనుప హ్యాండిల్‌ను చేత్తో తిప్పాలి. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు ఎముక విరిగేది. ఆనాటి కార్ల డ్రైవర్లకు తరచుగా తగిలిన ఆ గాయాన్ని వైద్యులం నేటికీ ‘షోఫర్ ఫ్రాక్చర్’ అంటాము. 1919లో మోడల్ టికి విద్యుత్ స్టార్టర్ వచ్చింది.

మన దేశంలో సామాన్యునికి సొంత కారు చాలాకాలం అందని మాటే. తరువాతి కాలంలో అంబాసిడర్‌ను మనవారు మెచ్చినది కూడా ఈ గుణాలకే: గట్టిదనం, ఎక్కడైనా దొరికే మెకానిక్కు, రోగిని పడుకోబెట్టగల వెనుక సీటు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన 108 సేవతో ఆ భరోసా కారు లేని ఇంటికీ చేరింది.

గర్భిణి గాని, గుండెజబ్బు రోగి గాని ఉన్న ఇంట్లో ఏ ఆసుపత్రికి, ఏ వాహనంలో వెళ్లాలో ముందే నిర్ణయించుకోండి. మంచి వైద్యమైనా వేళకు అందితేనే ఫలిస్తుంది.