క్యాన్సర్ చికిత్స: నానో కీమోకి ఇమ్యూనోథెరపీ తోడైతే ఏం జరుగుతుంది? ఎవరికి పనిచేస్తుంది? ఒప్పుకునే ముందు ఏం అడగాలి?

ఆలేరు, రాజాపేట, గుండాల వైపు ఊళ్లలో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే పెద్ద చికిత్స కోసం హైదరాబాద్ బండి ఎక్కాల్సిందే. అక్కడ ‘నానో కీమో’, ‘ఇమ్యూనోథెరపీ’ అనే మాటలు వినగానే ఇంట్లోవాళ్లకు ఒక పక్క ఆశ, ఇంకో పక్క ఖర్చు భయం. అసలు ఈ రెండూ ఏంటి? కలిపి ఎందుకు ఇస్తారు? ఇప్పుడు చూద్దాం.

నానో కీమో అంటే?

మామూలు కీమో మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. క్యాన్సర్ కణాలతో పాటు మంచి కణాలనూ దెబ్బతీస్తుంది. జుట్టు రాలడం, వాంతులు అందుకే. నానో పద్ధతిలో మందును అతి చిన్న రేణువుల్లో పెట్టి పంపుతారు. బత్తాయి తోటకు కాలువ నీళ్లు పారించడానికీ, డ్రిప్‌తో చెట్టు మొదట్లో నీళ్లు ఇవ్వడానికీ ఉన్న తేడా లాంటిది అనుకోండి.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ నాబ్-పాక్లిటాక్సెల్. అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు 2005లో అనుమతి వచ్చింది. మన రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు మందును జోడిస్తారు. ఒక్కో రేణువు సైజు సుమారు 130 నానోమీటర్లు. అంటే వెంట్రుక మందం కంటే వందల రెట్లు చిన్నది.

అయితే రేణువులన్నీ నేరుగా గడ్డలోకే వెళ్తాయని అనుకోవద్దు. పదేళ్ల పరిశోధనలను కలిపి చూసిన 2016 నాటి ఒక సమీక్షలో, జంతువులకు ఇచ్చిన నానో రేణువుల్లో గడ్డకు చేరింది సగటున 0.7 శాతమే అని తేలింది.

ఇమ్యూనోథెరపీ ఏం చేస్తుంది?

మన ఒంట్లోని టీ కణాలు క్యాన్సర్‌ను గుర్తుపట్టి చంపగలవు. కానీ క్యాన్సర్ కణం వాటికి బ్రేక్ వేస్తుంది. ఆ బ్రేక్ తీసేసే మందులే పెంబ్రోలిజుమాబ్, అటెజోలిజుమాబ్ లాంటివి. ఈ బ్రేక్‌ల గుట్టు విప్పిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది.

రెండూ కలిపితే?

కీమో దెబ్బకు క్యాన్సర్ కణాలు చచ్చేటప్పుడు వాటిలోని పదార్థాలు బయటపడతాయి. శత్రువు ఎవరో టీ కణాలకు అప్పుడు తెలుస్తుంది. అదే టైంలో బ్రేక్ కూడా తీసేస్తే దాడి గట్టిగా ఉంటుందన్నది ఆలోచన.

902 మంది ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్ పేషెంట్ల మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. పీడీ-ఎల్1 పాజిటివ్ ఉన్నవాళ్లలో నాబ్-పాక్లిటాక్సెల్ ఒక్కటే ఇస్తే జబ్బు ముదరకుండా 5 నెలలు ఆగింది. దానికి అటెజోలిజుమాబ్ కలిపితే ఏడున్నర నెలలు ఆగింది.

కానీ అదే మందును మామూలు పాక్లిటాక్సెల్‌తో కలిపి చేసిన మరో ట్రయల్‌లో లాభం కనిపించలేదు. 2021లో కంపెనీ అమెరికాలో ఈ రొమ్ము క్యాన్సర్‌కు తీసుకున్న అనుమతిని వెనక్కి తీసుకుంది. మామూలు పాక్లిటాక్సెల్‌ను ఆముదం నూనె నుంచి తయారుచేసే ద్రావకంలో కలుపుతారు. దానికి రియాక్షన్ రాకుండా ముందుగా స్టెరాయిడ్ ఇస్తారు. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కాబట్టి తేడా అందుకే వచ్చిందా అన్న చర్చ జరిగింది. అది రుజువు కాలేదు. పెంబ్రోలిజుమాబ్ మాత్రం ఈ క్యాన్సర్‌లో కీమోతో కలిపి వాడకంలో ఉంది. అక్కడా జబ్బు ఇతర భాగాలకు పాకిన దశలో అయితే మార్కర్ ఎక్కువ ఉన్నవాళ్లకే లాభం.

అంటే విషయం ఒక్కటే. ‘నానో’ అనే పేరు చూసి కాదు, టెస్ట్ రిపోర్ట్ చూసి నిర్ణయం తీసుకోవాలి.

ఖర్చు సంగతేంటి?

ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు 151 మంది తల, మెడ క్యాన్సర్ పేషెంట్లపై ఒక ట్రయల్ చేశారు. నోటి మాత్రలకు తోడు నివోలుమాబ్‌ను మామూలు డోసులో పదో వంతు కంటే తక్కువగా, 20 మిల్లీగ్రాములే ఇచ్చారు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఇది నానో కీమో కాదు. కానీ తక్కువ ఖర్చు దారి కూడా ఉండొచ్చని చూపింది.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. అయితే ప్రతి మందూ ప్యాకేజీలో ఉంటుందని అనుకోకుండా ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.

భూమి అమ్మే ముందు డాక్టర్‌ను ఇవి అడగండి

* ఏ రకం క్యాన్సర్? ఏ స్టేజ్?
* పీడీ-ఎల్1 టెస్ట్ చేశారా? రిజల్ట్ ఎంత?
* ఈ మందు జబ్బును నయం చేయడానికా, కొన్ని నెలలు ఆపడానికా?
* ఎన్ని సైకిల్స్? మొత్తం ఖర్చు ఎంత? మధ్యలో ఆపేస్తే ఏమవుతుంది?

ఇమ్యూనోథెరపీ తీసుకుంటున్నవాళ్లకు ఆగని విరేచనాలు, ఆయాసం, కళ్లు పచ్చబడటం లాంటివి కనిపిస్తే ఊళ్లో మాత్రలతో సరిపెట్టుకోవద్దు. బ్రేక్ తీసేసిన టీ కణాలు సొంత పేగులు, ఊపిరితిత్తులు, కాలేయం మీద కూడా పడొచ్చు. వెంటనే చికిత్స చేస్తున్న ఆస్పత్రికి ఫోన్ చేయాలి.

(గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో క్యాన్సర్ నిపుణుల సలహానే పాటించండి.)