32 సంపుటముల కథ

చదువరులారా, పుస్తకముల సంచి భుజమున వేసికొని ఊరూర తిరిగిన కొల్పోర్టరులను మీ పెద్దలు ఎరుగుదురు. అమెరికా దేశమందును అట్లే తలుపు తట్టి ఒక గొప్ప గ్రంథమును అమ్మినవారుండిరి. వారి బ్రతుకుతెరువు ఎట్లు పోయినదో ఆలకింపుడు.

ఆ గ్రంథము ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా. సకల విషయములను అక్షరక్రమమున వివరించు విజ్ఞాన సర్వస్వము. 1768లో స్కాట్లాండులోని ఎడింబరా పట్టణమున మొదలై, తరువాత అమెరికా చేరినది. 32 సంపుటములు, వెల వెయ్యి డాలర్లకు పైమాట. అంత సొమ్ము ఒక్కసారి ఇయ్యలేనివారు నెలనెలా వాయిదాలు కట్టుచుండిరి. తల్లిదండ్రులు దానిని తాము చదువుటకు కొనలేదు. బిడ్డలు చదువులో వెనుకబడకూడదని కొనిరి. అమ్మువాడును ఆ మాటయే చెప్పెడివాడు. ఒక్కొక్క సెట్టు అచ్చువేసి బైండు కట్టుటకు సుమారు 250 డాలర్లు కాగా, అమ్మినవానికి కమీషను దానికి రెట్టింపు. ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనుడు.

1990లో అమెరికాలో లక్షా 20 వేల సెట్లు అమ్ముడుపోయెను. అంతకు కొన్ని యేండ్ల ముందే మైక్రోసాఫ్ట్ కంపెనీవారు వచ్చి, మీ గ్రంథమును కంప్యూటరులోనికి ఎక్కింతమని అడుగగా బ్రిటానికావారు ఒప్పుకొనలేదు. గర్వించిరని కొందరందురు. నాకట్లు తోచదు. చౌక వస్తువు అమ్మినచో ఇంటింటికి తిరుగువానికి కమీషను ఎక్కడనుండి వచ్చును? అతడు తిరుగనిదే పుస్తకము కదలదు. మైక్రోసాఫ్ట్‌వారు అంత పేరులేని మరియొక గ్రంథపు పాఠమును తీసికొని, 1993లో ఎన్‌కార్టా అను పేరుతో సీడీ బిళ్లగా విడుదల చేసిరి. కంప్యూటరు కొన్నవారికి అది తరచు ఊరకనే దొరికెను. బిడ్డల చదువుకని కూడబెట్టిన సొమ్ము ఇప్పుడు కంప్యూటరుకు పోయినది. 1994లో బ్రిటానికావారును సీడీ చేసిరి గాని, విడిగా కొన్నచో 995 డాలర్లన్నారు. సంపుటములు కొన్నవారికి మాత్రము ఉచితము. అమ్మువారి కడుపు కొట్టకూడదని వారి తలంపు. ఎవరు కొందురు? 1996లో సంస్థ చేతులు మారెను. ఆ యేడే ఇంటింటి అమ్మకము మానిపించిరి.

గెలిచిన ఎన్‌కార్టా మాత్రము నిలిచెనా? 2001లో వికీపీడియా పుట్టినది. ఎవరైనను వ్రాయవచ్చును, వెలలేకయే చదువవచ్చును. 2003లో తెలుగులోను ఆరంభమైనది. నేడు పొలముగట్టున కూర్చున్న పిల్లవాడును చేతి ఫోనులో దానిని చదువగలడు, ఇది సంతోషింపదగినదే. 2009లో ఎన్‌కార్టా మూతపడెను.

2012 మార్చిలో బ్రిటానికావారు ఇక సంపుటములు అచ్చువేయబోమని ప్రకటించిరి. సంస్థ బ్రతికియే యున్నది. బడులకు ఇంటర్నెట్టు ద్వారా పాఠములు అమ్ముకొనుచున్నది. ఆఖరు ముద్రణ 2010 నాటిది, 12 వేల సెట్లు. ప్రకటన నాటికి 8 వేలు అమ్ముడుపోయినవి. తక్కిన 4 వేలు గిడ్డంగిలో ఉండెను.