విరాటుని పాచిక

నెల్లూరి తిక్కన సోమయాజి 13వ శతాబ్దమున విరాటపర్వమును తెనిగించెను. అందలి ఒక ఘట్టము మన ఆరంబాక్కము వంటి ఊళ్లలో చదువురానివారికిని తెలిసినదే. ఉత్తరకుమారుడు కౌరవులను గెలిచెనను వార్త విని, విరాటరాజు కంకుభట్టుతో జూదమాడుచు కొడుకును పొగడుచుండెను. బృహన్నల సారథిగా నుండగా గెలుపునకేమి కొదువ యని కంకుభట్టనెను. పేడిని తన కొడుకుతో సమానముగా పొగడుటయా యని రాజు కోపించి పాచికతో అతని మొగముపై కొట్టెను, నెత్తురు కారెను. తీరా చూడగా గెలిచినది బృహన్నలయే!

బృహన్నలది శాపవశమున వచ్చిన రూపము. స్వలింగప్రేమ వేరొక విషయము. రెంటిని ఒకటిగా ఎంచరాదు. కాని లోకము చూచు ఏవగింపు చూపు మాత్రము ఒక్కటే.

నేటి పిల్లలు పాచికలకు మారుగా వీడియో ఆటలాడుచున్నారు. 1989లో అమెరికాలో సి. ఎం. రాల్ఫ్ అను వనిత ‘కేపర్ ఇన్ ది కాస్ట్రో’ అను అపరాధపరిశోధక క్రీడను రచించెను. అందలి పరిశోధకురాలు స్త్రీలను ప్రేమించు స్త్రీ. రచయిత్రి దానికి వెల కోరలేదు. ఎయిడ్స్ రోగుల సహాయమునకు విరాళమిమ్మని మాత్రమే కోరెను. 2000లో వెలువడిన ‘ది సిమ్స్’ అను సంసారపు ఆటలో పురుషుడు పురుషుని, స్త్రీ స్త్రీని వలచుటకు వీలు కల్పించిరి. 2013లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ వచ్చెను. మహమ్మారి వలన పాడుపడిన దేశమున ఎల్లీ అను 14 ఏండ్ల బాలిక పడు పాట్లే దాని కథ. ఆమె తన చెలికత్తెను ప్రేమించెనని 2014లో వెలువడిన అనుబంధభాగము తెలిపెను. 2020లో వచ్చిన రెండవ భాగమున ఆమెయే ప్రధాన పాత్ర. కొందరు ఆటగాండ్రు మండిపడిరి.

నేనును మండిపడినవాడనే. సెలవులకు వచ్చిన మనుమడు ఆ ఆటను ఆడుచుండగా, నేను ప్రక్కన కూర్చుండి నాలుగు రాత్రులు చూచితిని. ఐదవ రాత్రి సంగతి తెలిసి, ఆపివేయుమని గద్దించితిని. వాడు నా వంక చూచి, “తాతా, నిన్నటిదాకా ఈ పిల్ల బతకాలని నువ్వే అంటివి గదా!” అనెను. నాకు మాట రాలేదు. నా చేతిలోని పాచిక నాకే కనబడెను.

ఈ ఆటల బలము అచ్చటనే యున్నది. నాటకమున మనము చూపరులము. ఆటలో ఆ పాత్ర ప్రాణము ఆటగాని చేతిలో నుండును. ముందు మమత కలుగును, తరువాత సంగతి తెలియును. పేరు ముందు విన్నచో మమతకు తావే యుండదు. అయితే ఆ పాత్ర నవ్వులాటకై పెట్టిన బొమ్మ కారాదు. నిండు మనిషి కావలెను.

స్వలింగప్రేమ నేరము కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినది. 2021లో, ఇంటివారికి వెరచి మదుర నుండి చెన్నపట్టణము చేరిన ఇద్దరు యువతుల వ్యాజ్యమును మన మద్రాసు హైకోర్టులో విచారించిన న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్, తనకే ఈ విషయమున అవగాహన చాలదని ఒప్పుకొని, మనస్తత్వ నిపుణుల యొద్ద పాఠము చెప్పించుకొనెను. పిదప జూన్ 7న ఉత్తర్వులిచ్చి, చికిత్స పేరిట ఇట్టివారిని మార్చజూచుటను నిషేధించెను. అంతటివారు నేర్చుకొనగా, మనకు చిన్నతనమేల?

1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు సరిహద్దునకు ఈవల నిలిచినవారము మనము. మాట వినగానే పరాయివారని ఎంచు చూపు మనకు క్రొత్త కాదు. ఆ చూపును మన యింటి బిడ్డపై మనమే ప్రసరింపజేయవలెనా? నిజమెరిగిన పిదప విరాటుడు పాండవులను ఆదరించెను. మనము పాచిక విసరక మునుపే ఎరుగుట మేలు.