కచేరీ కిటికీ దగ్గరి కంప్యూటరు
కోలారు సీమలో పహణి పత్రం కథ

కోలారు సీమకు యంత్రం క్రొత్త చుట్టం కాదు. 1902లో శివనసముద్రం దగ్గర కావేరి నీటి నుండి పుట్టిన విద్యుత్తు, సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగల మీదుగా ప్రయాణించి, మొదట చేరినది ఈ జిల్లాలోని బంగారు గనులకే. బెంగుళూరు నగరపు వీధిదీపాలు వెలిగినది 1905లో. రాజధాని కంటే మూడేండ్లు ముందుగా కోలారు గనులు విద్యుత్తును చూచినవి. అయితే గనిలోకి దిగినంత వేగంగా యంత్రం పల్లెలోకి రాలేదు. కాలక్రమాన బావి గట్టున మోటారు పంపు వచ్చినది. పొలంలోకి ట్రాక్టరు వచ్చినది. కాని రైతు హక్కును నిలబెట్టే కాగితాన్ని తాకిన యంత్రం రావడానికి దాదాపు నూరేండ్లు పట్టినది. ఆ యంత్రం తాలూకా కచేరీలోని కంప్యూటరు.

పహణి అనే మాట ఈ సీమలో తెలియని రైతు ఉండడు. పొలం సర్వే నంబరు, విస్తీర్ణం, నేల రకం, హక్కుదారు పేరు, పొలంపై ఉన్న అప్పు, వేసిన పంట మొదలైన వివరాలన్నీ ఒకచోట నమోదైన పత్రం అది. బ్యాంకులో పంట రుణం కావాలన్నా, అన్నదమ్ముల మధ్య భాగాలు పంచుకోవాలన్నా, న్యాయస్థానంలో ఒకరికి జామీను నిలవాలన్నా ముందుగా అడిగేది పహణినే. ఎండిన చెరువులు, లోతుకు పోతున్న బోరుబావులు గల ఈ కరువు సీమలో అప్పు లేనిదే సేద్యం సాగదు. పహణి లేనిదే అప్పు పుట్టదు.

అంతటి విలువైన పత్రం తరతరాలుగా ఒక్కరి చేతిలోని దస్త్రంలో ఉండేది. పూర్వం ఆ చేయి శానుభోగుది. 1961నాటి చట్టం గ్రామాలలోని వంశపారంపర్య పదవులను రద్దు చేసిన పిమ్మట ఆ పని ప్రభుత్వోద్యోగియైన గ్రామ లెక్కాధికారికి వచ్చినది. రాష్ట్రం మొత్తం మీద ఇటువంటి వారు సుమారు 9,000 మంది; ఒక్కొక్కరి క్రింద మూడు నాలుగు గ్రామాలు. వారిలో నిజాయితీపరులు లేకపోలేదు. కాని దస్త్రం ఎక్కడున్నదో, అందులో ఏమి వ్రాసి ఉన్నదో వారికి తప్ప ఇతరులకు తెలిసే మార్గం లేదు. వారు సెలవుపై వెళితే పహణి కూడా సెలవుపై వెళ్ళినట్లే. పేరులో ఒక అక్షరం మారినా, విస్తీర్ణంలో ఒక గుంట తగ్గినా, ఆ సంగతి రైతుకు తెలిసేసరికి ఏండ్లు గడిచేవి. పత్రం కోసం చేయి తడపడం వాడుకగా మారినది.

ఈ స్థితిని మార్చుటకు కంప్యూటరును వాడవలెనన్న ఆలోచన మొదటి యత్నంలోనే ఫలించలేదన్నది చరిత్ర విద్యార్థులు గమనింపదగిన విషయం. కర్ణాటకలో భూమి దస్త్రాల కంప్యూటరీకరణ 1991లో ప్రయోగాత్మకంగా ఆరంభమైనది. 1996 నాటికి అన్ని జిల్లాలకూ ఈ పథకం మంజూరైనది. కాని కంప్యూటర్లను జిల్లా కేంద్రంలో పెట్టినారు. దస్త్రాలు మారేది మాత్రం తాలూకాలో, గ్రామంలో. ఒక పొలం చేతులు మారితే ఆ మార్పు పుస్తకంలో పడేది గాని, దూరాన ఉన్న యంత్రానికి చేరేది కాదు. కొద్దికాలానికే యంత్రం చెప్పేది ఒకటి, నేల మీద ఉన్నది ఒకటి అయినది. యంత్రంలో లోపం లేదు. దానిని కూర్చోబెట్టిన చోటే తప్పు.

ఆ పాఠం నుండి పుట్టినది ‘భూమి’ పథకం. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ దీనికి సాఫ్ట్‌వేరును సిద్ధం చేసినది. రెవెన్యూ శాఖ పక్షాన ఐ.ఎ.ఎస్. అధికారి రాజీవ్ చావ్లా దీనిని ముందుండి నడిపించినారు. రాష్ట్రంలోని 177 తాలూకా కేంద్రాలలో యంత్రాలను నెలకొల్పినారు. సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన రెండు కోట్ల పహణులు కంప్యూటరులోకి ఎక్కినవి. నాటి కోలారు జిల్లాలో పదకొండు తాలూకాలు ఉండేవి: కోలారు, మాలూరు, బంగారపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురం, గుడిబండ, బాగేపల్లి, గౌరిబిదనూరు. 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లాగా ఏర్పడినది గాని, ఈ కథ జరిగిన నాటికి ఇదంతా ఒకే సీమ.

కచేరీలో కంప్యూటరు నెలకొల్పుట అంటే పెట్టె విప్పి బల్లపై పెట్టుట కాదు. ఒక గదిని సిద్ధం చేయవలెను. దస్త్రాలన్నింటినీ దాచుకొనే సర్వరు, గుమాస్తా పని చేసే మరొక యంత్రం, ముద్రణకు ప్రింటరు, విద్యుత్తు ఆగినప్పుడు ఆదుకొనే యు.పి.ఎస్. కావలెను. ఒక్కొక్క తాలూకాకు ఈ ఏర్పాట్లకు సుమారు 6 లక్షల 40 వేల రూపాయలు ఖర్చైనది. అంతకంటే కష్టమైనది అక్షరాలను ఎక్కించే పని. చేతివ్రాత పహణులను చూచి వివరాలను టైపు చేసి, అచ్చు తీసి, గ్రామ లెక్కాధికారుల చేత సరిచూపించవలసి వచ్చినది. ఏండ్ల తరబడి ఒకరే చదివిన వ్రాతను మొదటిసారిగా ఇతరులు చదివిన సందర్భమది.

ఇక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి చెప్పుకొనవలెను. యంత్రంలోని భాగాలన్నింటి చేత పని చేయించే మూల కార్యక్రమాన్ని ఆ పేరుతో పిలుస్తారు. 1981 నుండి వాడుకలోనికి వచ్చిన ఎం.ఎస్. డాస్ నడిచే యంత్రానికి తన ముందు కూర్చున్నది ఎవరో తెలియదు. మీట నొక్కినవాడే యజమాని. అటువంటి యంత్రంలో పహణులు పెడితే, తాళం లేని బీరువాలో దస్త్రం పెట్టినట్లే. 1993లో వెలువడిన విండోస్ ఎన్.టి. తరగతి వ్యవస్థలు ప్రతి ఉద్యోగికీ వేరువేరు పేరు, రహస్యపదం, అధికార పరిధి నిర్ణయించగలవు. ‘భూమి’ పథకం సర్వర్లకు ఎన్నుకొన్నది ఈ వ్యవస్థనే. రహస్యపదాన్ని ఒకరు మరొకరికి చెప్పవచ్చునన్న శంకతో వేలిముద్ర చదివే పరికరాన్ని కూడా చేర్చినారు. ఉద్యోగి వేలు పెట్టనిదే దస్త్రం తెరచుకోదు. ఏ మార్పు ఎవరు చేసినారో యంత్రం జ్ఞాపకం ఉంచుకొంటుంది. పూర్వం నిరక్షరాస్యుడైన రైతు వేలిముద్ర వేసేవాడు, అధికారి సంతకం చేసేవాడు. ఇప్పుడు వేలిముద్ర వేయవలసిన వంతు అధికారికి వచ్చినది.

మరొక చిన్న ఏర్పాటు ఇంకా పెద్ద మార్పు తెచ్చినది. కిటికీ దగ్గర రెండు తెరలు పెట్టినారు. ఒకటి గుమాస్తా వైపు, రెండవది రైతు వైపు. లోపల ఏమి జరుగుతున్నదో బయట నిలబడినవాడు చూడగలిగినాడు. 15 రూపాయలు చెల్లిస్తే అక్కడికక్కడే పహణి చేతికి వచ్చేది. ఖాతా మార్పు దరఖాస్తులు వచ్చిన వరుసలోనే పరిశీలించవలెనన్న నియమాన్ని సాఫ్ట్‌వేరులోనే ఇమిడ్చినారు. వెనుక వచ్చిన వానిని ముందుకు తోయడం సులభం కాలేదు. కంప్యూటరు పహణి వచ్చిన తాలూకాలలో చేతివ్రాత పహణి చెల్లదని ప్రభుత్వం ప్రకటించినది. బెంగుళూరులోని పబ్లిక్ అఫైర్స్ సెంటర్ జరిపిన పరిశీలనలో, పాత పద్ధతిలో లంచం ఇచ్చినామన్నవారు నూటికి 66 మంది కాగా, కిటికీ పద్ధతిలో ముగ్గురే. 2002లో ఈ పథకానికి కామన్వెల్త్ స్థాయిలో పరిపాలనా రంగ పురస్కారం కూడా లభించినది.

మన సీమకు మాత్రమే చెందిన మాట ఒకటున్నది. ఇంట తెలుగు మాట్లాడే రైతు చేతికి వచ్చే పహణి కన్నడంలో ఉంటుంది. రెండు లిపులూ అక్కాచెల్లెండ్ర వంటివి గనుక, తెలుగు బడిలో అక్షరాలు దిద్దిన పిల్లవాడు కాస్త ప్రయత్నిస్తే తాత పేరును కన్నడ పత్రంలో చదివి చెప్పగలడు. కంప్యూటరు శాస్త్రం కూడా ఈ చుట్టరికాన్ని గుర్తించినది. 1991లో ప్రమాణంగా స్థిరపడిన ‘ఇస్కీ’ సంకేత పద్ధతిలో తెలుగు ‘క’కూ, కన్నడ ‘క’కూ ఒకటే సంఖ్య. అందుచేత ఒక లిపిలో వ్రాసినది మరొక లిపిలో చూపడం యంత్రానికి సులభసాధ్యమైనది. పత్రాన్ని చదవగల బిడ్డ ఇంట ఉన్న రైతుకు రెండవ తెర నిజంగా ఉపయోగపడినది. లేనివానికి అది వెలుగుతున్న అద్దమే.

యంత్రం తీర్చలేనివి కూడా చెప్పుకొనకపోతే చరిత్ర సంపూర్ణం కాదు. పుస్తకంలో తప్పు ఉంటే కంప్యూటరు ఆ తప్పునే అందంగా అచ్చువేసినది. ఊరిలో దొరికే పత్రం కోసం రైతు ఒకనాటి కూలి వదులుకొని తాలూకా పట్టణానికి బస్సెక్కవలసి వచ్చినది. 2006 తరువాత హోబళి స్థాయిలో వచ్చిన నెమ్మది కేంద్రాలు, 2012లో ఆరంభమైన అటల్‌జీ జనస్నేహి కేంద్రాలు ఈ దూరాన్ని కొంత తగ్గించినవి. తాత గతించి ఏండ్లైనా పౌతి ఖాతా చేయించుకొనని కుటుంబాలకు యంత్రం తనంతట తాను పేరు మార్చి ఇవ్వలేదు. కౌలు సేద్యం చేసేవాని చెమట ఏ గడిలోనూ కనబడదు. దస్త్రాలు తేటపడుట వలన చిన్న రైతు కంటే పెద్ద పెట్టుబడిదారులకే ఎక్కువ లాభం కలిగినదని వాదించిన పరిశోధకులూ ఉన్నారు.

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడినవి. ఇంచుమించు ఆ రోజులలోనే జిల్లా తాలూకా కచేరీలలో కంప్యూటర్ల తెరలు వెలగసాగినవి. దేశంలోనే మొదటి యంత్రాలలో కొన్ని ఈ నేలకు వచ్చినా, నేల దున్నేవానికి వాటి వలన కలిగినది స్వల్పం. వెనుక వచ్చిన యంత్రం చిన్నదైనా, దాని తెరను రైతు వైపు త్రిప్పినారు గనుక మేలు జరిగినది.

ఈ బడిలో చదివిన బిడ్డలలో కొందరు కిటికీకి లోపల కూర్చుంటారు, కొందరు బయట నిలబడతారు. లోపలి వారు తమ వేలిముద్ర విలువను ఎరుగవలెను. బయటి వారు తమ పత్రాన్ని తామే చదువుకొనగలగవలెను. అక్షరం నేర్పే బడికీ, హక్కు తెలిపే తెరకూ ఉన్న సంబంధం ఇదే.