కొండోజు కత్తి

ప్రగతి నగర్‌లో మా ఇంటి అద్దం ముందు నిలబడి, అరవై దాటిన వయస్సులో, ఈ మధ్య ఒక విద్యకు అక్షరాభ్యాసం చేసుకొన్నాను. మడత మంగలికత్తితో నా గడ్డం నేనే గీసుకొనే విద్య. 1904లో అమెరికాలో జిల్లెట్ సేఫ్టీ రేజరుకు పేటెంటు పొందాడు. ఆ బ్లేడు ఇల్లిల్లూ చేరాక ఈ విద్యతో సామాన్యుడికి పని లేకపోయింది.

కత్తిని సాన పట్టడం ఒక ఎత్తు, తోలుపట్టీ మీద తీయడం మరొక ఎత్తు. పట్టీ మీద కత్తి వీపు ముందు నడవాలి, అంచు వెనుక రావాలి. మలుపులో వీపు మీదనే తిప్పాలి. తప్పితే తోలు తెగుతుంది, పదును పోతుంది. ఇక ముఖం మీద కత్తికి దాదాపు 30 డిగ్రీల వాలు ఉండాలి. వాలు పెరిగితే చర్మం తెగుతుంది, తగ్గితే వెంట్రుక పీకుకుపోతుంది. ఎడమచేత్తో చర్మాన్ని సాగదీసి, ముందు వెంట్రుకల వాలునే గీయాలి. కఠోపనిషత్తు ఆత్మజ్ఞాన మార్గాన్ని కత్తి అంచుతో పోల్చిందని తరగతిలో ఎన్నిసార్లో చెప్పాను. నా గొంతు మీద నేనే కత్తి పెట్టుకొన్ననాడు గానీ ఆ పోలిక నాకు తెలిసిరాలేదు. మొదటి వారంలో మూడు గాట్లు.

అప్పుడు జ్ఞాపకం వచ్చినవాడు కొండోజు. సదాశివరాయల కాలంలో (1542–1570) విజయనగరాన్ని నిజంగా ఏలినవాడు కృష్ణదేవరాయల అల్లుడు అళియ రామరాయలు. కొండోజు క్షౌర నైపుణ్యానికి మెచ్చి ఆయన మంగళ్ల మీది పన్నులనూ వెట్టినీ మాన్పించాడు. బాదామి శాసనం ఈ సంగతి చెబుతుంది. మెప్పు ఒకడిది, ఫలం కులానిది. అన్ని కుట్రల నడుమ బ్రతికిన పాలకుడు ఆ కత్తి కింద నిశ్చింతగా గొంతు చాచాడు. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో ఆ తల తీసింది శత్రువుల కత్తి.

కొండోజు పేరు చివరి ‘ఓజు’కు మూలం ‘ఒజ్జ’ అని పండితులు చెబుతారు. ఒజ్జ అంటే ఉపాధ్యాయుడు. పనివాళ్ల పేర్లలో మన పూర్వులు గురుత్వాన్ని నిలిపి ఉంచారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, పద్యం అప్పజెప్పని పిల్లవాణ్ణి, “చదవకపోతే గడ్డాలు గీసుకొని బతుకుతావురా” అని కసిరాను. తరగతి నవ్వింది. వెనుక బెంచీలో, తండ్రి ఆ వృత్తిలోనే ఉన్న మరో పిల్లవాడు తల దించుకొన్నాడు. చూసి కూడా పాఠం కొనసాగించాను. శాసనాల పాఠం చెప్పే నోటితోనే ఆ మాట అన్నాను. రాతి మీద గౌరవంగా చెక్కిన పనిని నేను తిట్టుగా వాడాను.

నిన్న మా వీధి మొదట్లోని సెలూనుకు వెళ్లి, నా గాట్లు చూపించి, తప్పు ఎక్కడుందని అడిగాను. అక్కడి యువకుడు నవ్వలేదు. తన కత్తి నా చేతికిచ్చి, మణికట్టు పట్టుకొని, “చెయ్యి బిగబట్టకండి సార్, బరువు కత్తికే వదిలెయ్యండి” అన్నాడు.

ఆయన నన్ను సార్ అన్నాడు. ఆ క్షణాన ఒజ్జ ఆయనే.