గాల్వాన్ వీరుడు హవల్దార్ కె. పళని

2020 జూన్ 15 రాత్రి తూర్పు లడఖ్‌లోని గాల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో అసువులు బాసిన ఇరవై మంది భారత సైనికులలో హవల్దార్ కె. పళని ఒకరు. ఆయన శతఘ్ని దళానికి చెందిన 81వ ఫీల్డ్ రెజిమెంటు సైనికుడు. మరణానంతరం వీరచక్ర పురస్కారం పొందారు.

తమిళనాడులోని రామనాథపురం జిల్లా కడుక్కలూరు ఆయన స్వగ్రామం. వానకూ చెరువు నీటికీ ఎదురుచూసే మెట్ట సీమ అది. ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే సైన్యంలో చేరి, సుమారు ఇరవై రెండేళ్లు సేవ చేశారు. తమ్ముడు కూడా అన్న బాటలోనే సైన్యంలో చేరారు. 2020 జూన్ మొదటి వారంలో కుటుంబం కొత్త ఇంట గృహప్రవేశం జరుపుకున్నప్పుడు పళని సరిహద్దులో విధి నిర్వహణలో ఉన్నారు. ఆ ఇంట ఆయన అడుగుపెట్టనే లేదు.

శతఘ్ని దళం పని దూరం నుండి చేసే యుద్ధం. మన సైన్యం వాడే 105 మిల్లీమీటర్ల ఫీల్డ్ గన్ గుండు దాదాపు పదిహేడు కిలోమీటర్లు పోగలదు. కొండకు ఆవల ఉన్న శత్రువును ఫిరంగి వద్ద నిలిచిన సైనికుడు సాధారణంగా కంటితో చూడనే చూడడు. అటువంటి దళానికి చెందిన పళని ముఖాముఖి పోరులో, ఒక్క గుండైనా పేలని రాత్రి మరణించారు.

దీనికి కారణం 1996 నాటి ఒప్పందం. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఇరుపక్షాలూ కాల్పులు జరపరాదని అందులో ఉంది. మనవారిని ఆయుధాలు లేకుండా పంపారన్న మాట ఆనాడు ఊరూరా వినిపించింది, అది సరికాదు. సైనికుల వద్ద ఆయుధాలు ఉన్నాయనీ, ముఖాముఖి ఎదురైనప్పుడు వాటిని వాడకపోవడం చిరకాలంగా వస్తున్న ఆచారమనీ విదేశాంగ మంత్రి ఆ నెలలోనే వివరించారు. ఎదుటివారు మాత్రం మేకులు దిగగొట్టిన ఇనుప కడ్డీలతో, రాళ్లతో వచ్చారు. పదునైన ఆయుధంతో దాడి జరిగినా పళని వెనుదిరగక, తోటి సైనికులను కాపాడే ప్రయత్నంలో తీవ్రంగా గాయపడి మరణించారు.

ఆ రాత్రి సేనకు నాయకత్వం వహించి నేలకొరిగిన 16వ బిహార్ రెజిమెంటు కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు సూర్యాపేట వాస్తవ్యుడు, కోరుకొండ సైనిక పాఠశాల విద్యార్థి. శతఘ్ని దళం నుండి 3వ మీడియం రెజిమెంటుకు చెందిన నాయబ్ సుబేదార్లు సత్నాంసింగ్, మన్‌దీప్‌సింగ్ కూడా మృతులలో ఉన్నారు. తమవారు నలుగురు మరణించారని చైనా 2021 ఫిబ్రవరిలో గాని ఒప్పుకోలేదు.

పళని భౌతికకాయాన్ని మదురై మీదుగా కడుక్కలూరుకు తెచ్చి, సైనిక లాంఛనాలతో స్వగ్రామంలోనే ఖననం చేశారు. తమిళనాడు ప్రభుత్వం ఇరవై లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. 2021 గణతంత్ర దినోత్సవ సందర్భంగా సంతోష్‌బాబుకు మహావీరచక్ర, పళనికి వీరచక్ర ప్రకటించగా, ఆ ఏడాది నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో పళని సతీమణి పతకాన్ని అందుకున్నారు. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంపైనా, లడఖ్‌లో దౌలత్ బేగ్ ఓల్డీకి పోయే దారిలోని స్మారకంపైనా ఆయన పేరు చెక్కి ఉంది.