పెరికెద్దుల దారి

అల్లూరు చేరువ తీరముననున్న ఇసకపల్లి యుప్పుకొటారులను మీరెఱుగుదురు. రైలు రాకపూర్వము ఈ సీమ యుప్పు ఎద్దుల వీపులమీద పడమటికి పోయెడిది. లంబాడులు, ఎఱుకలవారు ఎద్దున కిరువైపుల పెరికెలు వ్రేలవైచి, ఆలుబిడ్డలతో, కుక్కలతో, కుండలతో కదలెడివారు. ప్రొద్దు గ్రుంకినచోటనే విడిది. దింపిన పెరికెలను చుట్టును పేర్చినచో నదియే కోట. కనుమలు దాటి, కృష్ణ దాటినచో నైజామువారి రాజ్యము. అచ్చట సుంకము వేఱు. 1802 నాటి వర్తకపు టొడంబడిక దానిని నూటికి 5 వంతులుగా నిర్ణయించెను.

అయినను వారిని క్రుంగదీసినది సరిహద్దు కాదు. 1805లో కుంపిణీవారు ఉప్పును తమ గుత్త చేసికొని గరిసె 70 రూపాయలకు అమ్మిరి; 1809లో 105 చేసిరి. బేరము సన్నగిల్లెను. 1899లో చెన్నపట్టణమునకును బెజవాడకును నడుమ రైలు నడచినది. ఇక పెరికెద్దు లెవరికి గావలయును?

పని పోయి తిరుగువారిని దొర లనుమానించిరి. నేరము చేసినవానినే గాక జాతినంతను పట్టికకెక్కించు 1911 నాటి చట్టము ఎఱుకలవారిపై బడెను. మనకు దూరము గాని కావలిలోనే వారికొక సెటిల్మెంటు వెలసెను. రాజ్యములు దాటి యుప్పు మోసినవారి మనుమలు పొరుగూరికి బోవుటకు చీటి యడుగవలసివచ్చెను. చెన్నరాజధానిలో ఆ చట్టము రద్దయినది 1947లో.